పాతకారు గొట్టములు: పైమెరుపు, లోతుప్పు

ఉరవకొండవంటి మెట్టసీమలో వానలు తక్కువ. కావున పాతకారుల ఇనుపభాగములు సముద్రతీరమునందువలె త్వరగా తుప్పుపట్టవు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరును మక్కువతో కాపాడుకొనువారికి ఇది మేలే. కాని బ్రేకు గొట్టముల విషయమున ఈ మేలు పైతలమునకే పరిమితము.

బ్రేకులలో సాధారణముగా వాడు ద్రవము గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొనును. ఏండ్లు గడచినకొలది ఆ తేమ పెరిగి, ఉక్కుగొట్టమును లోపలినుండి తినివేయును. పైన ఎంత మెరుగుపెట్టినను ఆ లోపము తీరదు.

కనుక మొదట పరీక్ష అవసరము. పాతద్రవమును గాజుపాత్రలోనికి తీసి చూడవలెను. తుప్పురజను కనబడినను, గొట్టముపై గుంటలు పడినను దానిని మార్చవలసినదే. గరుకుకాగితముతో రుద్దినచో గుంట పోదు. గొట్టపు మందమే తగ్గును. పైపూత మాత్రమే మాసినచో గొట్టమును విప్పి, శుభ్రపరచి, చివరలు మూసి, జింకుపూత వేయించవచ్చును.

క్రొత్త గొట్టమునకు పూతగల ఉక్కుగాని, తుప్పెరుగని రాగి-నికెలు మిశ్రమముగాని తగును. శుద్ధమైన రాగి అదురులకు గట్టిపడి పగులును, బ్రేకులకు పనికిరాదు. బ్రేకుద్రవము కారురంగును కరగించును. ఒలికినచో వెంటనే నీటితో కడుగవలెను. రెండేండ్లకొకసారి దానిని మార్చుట మంచిది.

పెట్రోలు గొట్టమును విప్పుటకు ముందు బ్యాటరీతీగను తొలగించి, నిప్పును దూరముగా నుంచవలెను.

పెన్నహోబిలము తిరునాళ్లకు పిల్లాపాపలతో బయలుదేరు బండికి ఈ పరీక్షయే మొదటి అలంకారము.