రాత్రి కరెంటు, సగం నిద్ర

రఘునాథపల్లిలో మా పెద్దబాపు బాయికాడి రేకుల కొట్టంలో ఒక బల్బు ఉండేది. వెలుతురు కోసం పెట్టింది కాదు. త్రీఫేజ్ కరెంటు వస్తేనే వెలిగేలా స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి, సరిగ్గా మంచానికి ఎదురుగా వేలాడదీశాడు. వ్యవసాయ ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు కరెంటిచ్చిన రోజులవి. రాత్రి వంతు పడ్డప్పుడు ఆయన అక్కడే పడుకునేవాడు. బల్బు కళ్లలో కొట్టగానే లేచి, బటన్ నొక్కి, పైపులోంచి నీళ్లు దూకిన చప్పుడు విన్నాక టార్చి పట్టుకుని గట్ల మీద నడిచేవాడు. మడికి నీళ్లు మళ్లించి, వచ్చి మళ్లీ మంచమెక్కేవాడు.

అక్కడికి దగ్గర్లోనే సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం. రాత్రంతా గూడ్సు బండ్లు నేలను వణికిస్తూ పోతాయి. ఆ మోతకు ఆయన ఏనాడూ లేవలేదు. కానీ బోరు గాలి పీల్చి పైపులో నీళ్ల చప్పుడు సన్నబడితే చాలు, ఎవరో తట్టిలేపినట్టు లేచేవాడు. అంత పెద్ద మోతకు లేవని మనిషి చప్పుడు తగ్గితే ఎట్లా లేచాడు?

మెదడు నడుమ థాలమస్ అనే కణాల ముద్ద ఉంది. వాసన తప్ప కన్ను, చెవి, చర్మం పంపే కబుర్లన్నీ దాని మీదుగానే పైపొర అయిన కార్టెక్స్‌కు చేరతాయి. దాన్ని చెరువు తూము అనుకోండి. నిద్రపట్టాక థాలమస్‌లోని కణాలు విడివిడిగా పలకడం మానేసి ఒక లయలో పడతాయి. అప్పుడు సెకనుకు సుమారు 12 నుంచి 15 సార్లు ఊగే చిన్న అలల గుత్తులు పుడతాయి, ఒక్కో గుత్తి సాధారణంగా రెండు సెకన్లకు మించదు. తూము దిగినట్టే. అయితే ఎంత బిగించినా తూము కింద తడి ఊరుతూనే ఉంటుంది కదా, ఇక్కడా అంతే. 1960లో ఇయాన్ ఆస్వాల్డ్, ఆయన సహచరులు నిద్రపోతున్నవాళ్లకు రకరకాల పేర్ల జాబితా వినిపించారు. సొంత పేరు వచ్చినప్పుడు వాళ్ల మెదడు అలలు మిగతా పేర్లకంటే ఎక్కువగా ఎగిసిపడ్డాయి. అంటే నిద్రలోనూ ఏది మనదో, ఏది కాదో మెదడు ఏరుతూనే ఉంటుంది. రైలు మా పెద్దబాపుది కాదు, నీళ్లు ఆయనవి.

ఈ అలలను చూడగలుగుతున్నామంటే అది జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ చలవ. మనిషి తల మీద తీగలు అంటించి మెదడు విద్యుత్తును నమోదు చేసిన సంగతి ఆయన 1929లో ప్రకటించాడు. అదే ఏడాది హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే పట్టుకున్నాడు. కణం ఏ పని చేసినా చెల్లించే రొక్కం ఏటీపీయే. సుబ్బారావు నిద్ర గురించి పరిశోధించలేదు కానీ, నిద్ర ఎందుకొస్తుందన్న ప్రశ్నకు ఒక కొస ఆయన సీసాలోనే ఉంది.

మెదడు బరువు కిలోన్నరకు కాస్త తక్కువ, ఒంట్లో వందకు రెండు పాళ్లు. తినేది మాత్రం ఐదో వంతు శక్తి. పొద్దంతా ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ దాని తునక అడినోసిన్ నాడీకణాల మధ్య పేరుకుంటుంది. మేలుకొలిపే కణాల నోరు నొక్కుతుంది. కళ్లు బరువెక్కడమంటే ఇదే. 1997లో పిల్లుల మెదళ్లలో కొలిచి చూస్తే, మెలకువగా ఉన్నకొద్దీ అది పెరుగుతూ, నిద్రపోతే తగ్గుతూ కనిపించింది. చాయ్‌లోని కెఫీన్ అడినోసిన్ కూర్చోవలసిన కుర్చీలో తాను కూర్చుంటుంది, అంతే. అప్పు తీరదు, అప్పులవాడు గడప బయట నిలబడతాడు. తాగిన కెఫీన్‌లో సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నడిజాము నీళ్లకు ఫ్లాస్కులో చాయ్ పోసుకెళ్లడం అప్పట్లో మా ఇళ్లలో రివాజు. తెల్లారి పడుకుంటే నిద్ర పట్టలేదని మందుల షాపుకు పోవడమూ రివాజే!

నిద్ర అంతా ఒకే రకం కూడా కాదు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలో వస్తుంది. కనుగుడ్లు రెప్పల కింద చకచకా కదిలే కలల నిద్ర రెండో సగంలో, తెల్లవారుజాము వైపు చిక్కబడుతుంది. దీన్ని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ పట్టుకున్నారు. కాబట్టి కరెంటు పదకొండింటికి వచ్చిందా, మూడింటికి వచ్చిందా అన్నది చిన్న తేడా కాదు. పదకొండింటిది గాఢనిద్రను కోసేది, మూడింటిది కలలను. రెండూ ఒకటే లెక్క అని కాగితం మీద రాసుకోవచ్చు, ఒంటికి మాత్రం ఒకటి కాదు.

నాకు అన్నిటికంటే భయం వేసేది బల్బు వెలిగిన తరువాతి పది, పదిహేను నిమిషాలు. గాఢనిద్రలోంచి లేచినప్పుడు మెదడు ముక్కలు ముక్కలుగా మేల్కొంటుంది. నడిపించే భాగాలు ముందు, నుదుటి వెనక ఉండి మంచిచెడ్డలు తూచే భాగం వెనక. కాళ్లు గట్టు మీద ఉంటాయి, వివేకం ఇంకా మంచంలోనే ఉంటుంది. అప్పుడు చెయ్యి పోయేది ఎక్కడికి? తడి చేత్తో స్టార్టర్ డబ్బాలోకి, ఊడిన ఫ్యూజు దగ్గరికి. గడ్డిలో పాము కదిలినా ఆ మెదడు ఆలస్యంగానే చూస్తుంది.

తెల్లారినాక పడుకుంటే సరిపోదా అంటే, గడియారం ఒప్పుకోదు. కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, హైపోథాలమస్‌లో సుమారు 20,000 కణాల గడియారం ఉంది. పగటి వెలుగు నేరుగా దానికి కబురు పంపుతుంది, చీకట్లో ఊరే మెలటోనిన్ ఆగిపోతుంది. ఎండ ముఖాన కొడుతుంటే పట్టే నిద్ర కునుకే.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైంది. బల్బు తీసేశారు. మా పెద్దబాపు మాత్రం కొన్ని నెలలపాటు రెండింటికి లేచి కూర్చునేవాడు. ‘కరెంటొచ్చిందా?’ అని అడిగేవాడు. నిజానికి బల్బున్న రోజుల్లోనూ చాలాసార్లు అది వెలగకముందే లేచేవాడట. 1999లో యాన్ బోర్న్ బృందం ఇట్లాంటిదే కొలిచింది. ఆరింటికి లేపుతామని చెప్పి పడుకోబెట్టినవాళ్ల రక్తంలో, ఒళ్లును మెలకువకు సిద్ధంచేసే ఒక హార్మోను గంట ముందు నుంచే పెరిగింది. తొమ్మిదింటికని చెప్పినవాళ్లలో ఆ వేళకు పెరగలేదు.

ఆ సంగతి ఆయనకు చెప్పాను. విని, ‘గంట ముందుగాల తెలిసేదైతే డిపార్టుమెంటోళ్లకు చెప్పకపోయినవ్‌రా, వాళ్లకు నిమిషం ముందు గూడ తెలిసేది కాదు’ అని అటు తిరిగి పడుకున్నాడు. గూడ్సు బండి ఒకటి పోతోంది.