ఆరుబయటి మోటారు స్టార్టరు పెట్టె – ప్రాణరక్షణకు తగిన అమరిక



నల్లమల అంచుననున్న ఆత్మకూరు ప్రాంతమున బావి, బోరు మోటార్ల స్టార్టరు పెట్టెలు సాధారణముగా ఆరుబయటనే యుండును. ఎండకు తీగల పైపొర పెళుసెక్కును. వానకు తడి చేరును. బల్లులు, చీమలు లోపల కాపురము పెట్టును. లోపలి తీగ యొకటి పెట్టె ఇనుమునకు తగిలినచో, తడికాళ్లతో దానిని ముట్టినవారి ప్రాణమునకే ముప్పు.

బ్రేకరు ఒక్కటి చాలదు

"ఎర్తు ఉన్నది, బ్రేకరు ఉన్నది, ఇక భయమేల?" అని మీరనుకొనవచ్చును. ఈ లెక్క చూడుడు. ఎర్తు దారిలో అడ్డు 20 ఓములున్నచో, 240 వోల్టులకు 12 ఆంపియర్లు మాత్రమే పారును. 16 ఆంపియర్ల బ్రేకరు దానికి పడదు. పెట్టె ఇనుములో కరెంటు అట్లే నిలిచియుండును. మనిషి ప్రాణము తీయుటకో, ఆంపియరులో పదవ వంతైనను అక్కరలేదు.

కావున బ్రేకరుతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఈ.ఎల్.సి.బి. తప్పక ఉండవలెను. భూమిలోనికి కారు స్వల్పమైన కరెంటును కూడ ఇది పసిగట్టి సరఫరాను ఆపును. నెలకొకసారి దాని టెస్టు మీట నొక్కి చూడుడు. పడనిచో వెంటనే మార్పించుడు.

అమరిక వరుస

మీటరు ఉన్నచోట దాని తరువాత మెయిన్ స్విచ్చి, ఆపై బ్రేకరు, ఈ.ఎల్.సి.బి., స్టార్టరు, చివర మోటారు రావలెను. మీటరు సీలును ముట్టరాదు. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలే మోటారును కాపాడును, మనిషిని కాదు. 5 హెచ్.పి. మోటారు నిండు బరువుపై సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకొనును. మోటారు రేకుపై నున్న అంకెను, స్టార్టరు రకమును చూచి రిలేను వైర్‌మన్ చేతనే సరిచేయించుడు. పని అంతయు లైసెన్సు గల వైర్‌మన్ చేయవలెను.

పెట్టెను నేలకు ఎత్తుగా బిగించి, పైకప్పు వాలుగా నుంచుడు. తీగలను అడుగు భాగమునుండి రబ్బరు బిరడాల గుండా లోనికి తీయుడు. పైనుండి తీసినచో వాన నీరు తీగ వెంట దిగును.

ఎర్తు గుంట

రెండున్నర మీటర్ల జి.ఐ. గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా నింపవలెను. మోటారుకు విడివిడిగా రెండు ఎర్తు తీగలుండవలెను. పెట్టెకును, దాని తలుపునకును ఎర్తు కలుపుడు. న్యూట్రలు తీగను ఎర్తుగా వాడరాదు. వేసవిలో నల్లరేగడి నెర్రెలు విచ్చి గొట్టమును వదలును. గరుసు నేల ఎండి అడ్డు పెరుగును. కావున గుంటలో తరచు నీరు పోయుడు.

పెట్టె తెరచుటకు ముందు

ఆపు మీట నొక్కినంతనే పెట్టెలో కరెంటు పోదు. మోటారు ఆగును గాని, లోనికి వచ్చు తీగలలో కరెంటు ఉండియే యుండును. మెయిన్ స్విచ్చి దింపి, టెస్టరుతో మూడు ఫేజులను చూచిన పిమ్మటనే వైర్‌మన్ చేయి పెట్టవలెను. కెపాసిటరులో సరఫరా ఆపిన తరువాత కూడ కొంతసేపు కరెంటు నిలువయుండును. కొన్ని నిమిషములు ఆగి, వైర్‌మన్ దానిని ఖాళీ చేసిన తరువాతనే ముట్టవలెను.

ఫ్యూజు పోయినచో కట్టుకంబి చుట్టరాదు. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కరాదు, 1912 నంబరుకు ఫోను చేసి లైన్‌మన్‌ను పిలువుడు.

ఎవరికైనను షాకు తగిలినచో వారిని చేతితో లాగవద్దు. ముందు మెయిన్ స్విచ్చి దింపుడు. అది అందనిచో, పొడి నేలపై నిలిచి పొడి కర్రతో తప్పించుడు. వెంటనే 108 కు ఫోను చేయుడు.

ఈ.ఎల్.సి.బి.కి, ఎర్తు గుంటకు అగు ఖర్చు ఒక్కసారిది. పొలమునకు వెళ్లిన మనిషి సాయంత్రమునకు ఇల్లు చేరుటకంటె అది ఎక్కువ కాదు.