గుప్పెడు బియ్యము

మిజోరాం తూర్పు సరిహద్దున తియావు నది ఉంది. ఆవలి ఒడ్డున మయన్మారు దేశపు చిన్ కొండలు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యము అధికారము లాక్కుంది. సెప్టెంబరులో థంత్లాంగ్ పట్టణములో ఇండ్లు తగులబడుతుంటే, ఆర్పబోయిన యువ కాపరిని కాల్చి చంపారు. ఊరు ఖాళీ అయింది. వేలాదిమంది కొండదారులు పట్టారు. అనేకులు నది దాటి మిజోరాం చేరారు.

వచ్చేవారిని ఆపమని కేంద్రము ఆ మార్చిలోనే వ్రాసింది. మిజోలు ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటారు? చిన్ ప్రజలు వారి రక్తసంబంధులే. నడుమ సరిహద్దు గీసింది తెల్లదొరలు. సంఘములు బియ్యము, బట్టలు పోగుచేశాయి. బడులు పిల్లలను చేర్చుకున్నాయి.

1910 నుండి మిజో తల్లులు వంటకు ముందు గుప్పెడు బియ్యము సంఘమునకు తీసిపెడుతున్నారు. మన పల్లె సంఘములలోను ఆ వాడుక ఉంది గనుక మనకు తెలుసు, అది మిగులు బియ్యము కాదు. బంధువులను ఇంట చేర్చుకున్న ఆ తల్లులకు ఒక్క కుండే రెండు కుటుంబములకు సరిపెట్టవలసి వచ్చింది.