బార్కస్ అరబ్బులూ, మనమూ

హైదరాబాదు పాతబస్తీ దాటితే బార్కస్. నిజాం కొలువులో సిపాయిలుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడుంది. 'బ్యారక్స్' అనే ఇంగ్లీషు మాటే నోళ్లలో నలిగి ఊరి పేరైంది. చావుష్‌లనే ఈ జనం నేటికీ లుంగీ కడతారు. గోధుమలు, మాంసం కలిపి హరీస్ వండుతారు (మన హలీం దాని చుట్టమే). వారి మర్ఫా వాద్యం నగరమంతా పెళ్లి ఊరేగింపుల్లో మోగుతుంది. ఇంట్లో మాట మాత్రం చాలామందికి ఉర్దూ అయిపోయింది.

హోసూరు, కృష్ణగిరి వాళ్లం మనం ఇక్కడే ఆగుతాం. మనం వలస వచ్చిన సిపాయిలం కాము, ఈ నేలవాళ్లమే. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది. తమిళం వద్దనలేదు, తెలుగూ ఉండనివ్వమన్నాం. ఉగాదికి మన మనవళ్లు ఒబ్బట్లు ఇష్టంగా తింటారు. పంచాంగం చదవమంటే తాతను పిలుస్తారు.