రికార్డర్ కీచుమంటోందా? కంగారు పడకండి



మ్యూజిక్ పీరియడ్‌లో రికార్డర్ మొదలైందంటే తొలి రెండు మూడు వారాలు చాలా ఇళ్ళల్లో ఒకటే వరస. స్కూలు నుంచి రాగానే బ్యాగు పడేసి పిల్లలు ఊదుతారు. కీచుమంటుంది. ఇంకా గట్టిగా ఊదుతారు. ఇంకా కీచుమంటుంది. తాతయ్య టీవీ వాల్యూమ్ పెంచుతారు. పక్క గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్న అమ్మ తలుపు వేసుకుంటుంది. "ఇక చాలు, వెళ్ళి హోంవర్క్ చేసుకో" అంటారు నాన్న. రికార్డర్ కవర్లోకి వెళ్ళిపోతుంది. కొన్ని ఇళ్ళల్లో మళ్ళీ బయటికి రాదు.

"మాకు సంగీతం రాదు కదా, మేమేం సాయం చేయగలం?" అని చాలామంది అనుకుంటారు. నిజానికి తొలి నెలల్లో రికార్డర్ దగ్గర పిల్లలు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం కంటికి కనిపించేవే. మీకు సరిగమలు తెలియకపోయినా ఫరవాలేదు. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఇది జాతరలో కొనే పీపీ కాదు

చూడటానికి ఆటబొమ్మలా ఉన్నా రికార్డర్‌కు చాలా పెద్ద చరిత్ర ఉంది. బాఖ్ 1721లో అంకితమిచ్చిన బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోలలో 2, 4 సంఖ్యల రచనలకు రికార్డర్ కావాలి. తర్వాత చాలాకాలం మరుగున పడిన ఈ వాద్యం, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో ఆర్నాల్డ్ డోల్మెట్ష్ వంటివారి చొరవతో మళ్ళీ వాడుకలోకి వచ్చింది. ప్లాస్టిక్‌తో చవకగా తయారవడంతో ప్రపంచమంతటా స్కూళ్ళకు చేరింది.

మన పిల్లనగ్రోవికీ దీనికీ తేడా మూతి దగ్గరే ఉంది. పిల్లనగ్రోవిలో గాలిని పెదవులతో సన్నగా మలిచి రంధ్రం అంచు మీదికి పంపడం ఊదేవారి పని. అది కుదరడానికే రోజులు పడుతుంది. రికార్డర్‌లో ఆ పనిని మూతిలో ఉన్న సన్నని గాలిదారి చేసిపెడుతుంది. గాలి నేరుగా వెళ్ళి, పైన కిటికీలా కనిపించే ఖాళీలోని పదునైన అంచును తాకుతుంది, శబ్దం పుడుతుంది. అందుకే మొదటి రోజే ఏదో ఒక మోత వస్తుంది. గట్టిగా ఊదినా మోగుతుంది కాబట్టి, నెమ్మదిగా ఊదాలన్న సంగతి మాత్రం పిల్లలకు ఆలస్యంగా తెలుస్తుంది.

కీచు ఎందుకు వస్తుంది? ఈ ఐదు చోట్ల చూడండి

గాలి: ఎక్కువగా కారణం ఇదే. గట్టిగా ఊదితే స్వరం పైస్థాయికి ఎగిరిపోయి కీచుమంటుంది. వేడి పాలు చల్లార్చడానికి ఊదేంత గాలి కూడా దీనికి ఎక్కువే. ఒక చిన్న అద్దం ఇచ్చి, దాని మీద ఆవిరి పట్టేలా ఊదమనండి. ఆ వెచ్చని, నిదానమైన గాలే రికార్డర్‌కు కావాలి. కింది స్వరాలకు గాలి ఇంకా మెత్తగా ఉండాలి.

వేళ్ళు: రంధ్రం కొంచెం తెరుచుకున్నా స్వరం చెడిపోతుంది. వాయించడం ఆపగానే మీ పిల్లల వేళ్ళు తిప్పి చూడండి. వేలి మెత్తని భాగం మీద రంధ్రం అచ్చు గుండ్రంగా, పూర్తిగా కనిపించాలి. సగం చందమామలా ఉంటే గాలి పక్కనుంచి పోతోందన్నమాట. వేలి కొసలతో కాకుండా మెత్తని భాగంతో మూయమనండి. అలాగని గట్టిగా నొక్కనక్కరలేదు.

చేతులు: ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉండాలి. కుడిచేతి వాటం పిల్లలు తరచూ కుడి చెయ్యి పైన పెట్టేస్తారు. మొదట్లో పనవుతుంది గానీ, చివరి రంధ్రం కుడి చిటికెన వేలి కోసం ఉంటుంది కాబట్టి తర్వాత ఇబ్బంది పడతారు. ఎడమ చిటికెన వేలికి పనే లేదు. వెనక రంధ్రం ఎడమ బొటనవేలిది. కుడి బొటనవేలు వెనక నుంచి ఆనిస్తే చాలు. కింది ముక్కను కొంచెం కుడివైపుకు తిప్పితే చిన్న చేతులకు చివరి రంధ్రం అందుతుంది.

నాలుక: ప్రతి స్వరాన్నీ మెల్లగా "తు" అన్నట్టు నాలుకతో మొదలుపెట్టాలి. "హు, హు" అని ఛాతీతో తోస్తుంటే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రికార్డర్ పక్కన పెట్టి "తు తు తు" అని గుసగుసగా అనిపించి, తర్వాత ఊదమనండి.

తడి: కాసేపయ్యాక శబ్దం బొంగురుపోతే తప్పు మీ పిల్లలది కాదు. ఊపిరిలోని ఆవిరి గాలిదారిలో నీటిబొట్లుగా మారింది. కిటికీ ఖాళీని వేలితో తేలికగా మూసి, అంచును నొక్కకుండా, ఒక్కసారి గట్టిగా ఊదితే పోతుంది. ఏసీ గదిలో అయితే మొదలుపెట్టే ముందు మూతి భాగాన్ని ఒకటి రెండు నిమిషాలు అరచేతుల్లో వెచ్చబరచండి.

బి, ఎ, జి అంటే మన గ, రి, స

క్లాసులో మొదట నేర్పేది సాధారణంగా మూడు స్వరాలు. బొటనవేలు, చూపుడువేలు మూస్తే బి. మధ్యవేలు కూడా కలిపితే ఎ. ఉంగరం వేలు కూడా కలిపితే జి. అన్నీ ఎడమ చేతివే. ఎ బాగా వచ్చి జి దగ్గర కీచుమంటే నేరుగా ఉంగరం వేలిని చూడండి, ఎక్కువసార్లు దొంగ అదే.

జి ని "స" అనుకుంటే జి, ఎ, బి లు స, రి, గ అవుతాయి. ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో పాట వస్తే, పిల్లలు "గ రి స" వాయిస్తుంటే వాళ్ళను ఆ శ్రుతిలో పాడమనండి. ఆ పైన సి, డి నేర్చుకున్నాక మ, ప కూడా చేరతాయి. మ వదిలి స రి గ ప అంటే మోహన రాగంలోని మొదటి నాలుగు స్వరాలు వచ్చేసినట్టే. సరళీ స్వరాలు మాత్రం వెంటనే వాయించమని అడగవద్దు. అవి మాయామాళవగౌళలో ఉంటాయి. వాటికి కావలసిన స్వరాల కోసం మధ్యలో వేళ్ళు ఎత్తి, పక్కవి మూసే కష్టమైన పట్లు రావాలి. వాటికి ఇంకా సమయం ఉంది.

రోజుకు పది నిమిషాలు

ఆదివారం గంటసేపు కూర్చోబెట్టడం కన్నా రోజూ పది నిమిషాలు మేలు. వేళ్ళ అలవాటు అలాగే పడుతుంది. మొదటి రెండు నిమిషాలు ఒకే స్వరాన్ని మెత్తగా, వణక్కుండా సాగదీయడం. తర్వాత నాలుగు నిమిషాలు క్లాసులో చెప్పిన పాటలో కష్టమైన చిన్న ముక్క, బాగా నెమ్మదిగా. చివరి నాలుగు నిమిషాలు వాళ్ళకు ఇష్టమైనది. పరీక్షల రోజుల్లో ఐదు నిమిషాలకు తగ్గించండి గానీ పూర్తిగా ఆపవద్దు.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు సాయంత్రం ఒక వేళ పెట్టుకుని, ఆ పది నిమిషాలూ కిటికీ మూసుకుంటే పక్కింటివాళ్ళకూ ఇబ్బంది ఉండదు. నోట్లో రికార్డర్ పెట్టుకుని పరుగెత్తడం, మెట్లెక్కడం మాత్రం ఒప్పుకోవద్దు.

మీరు అనే మాట

మన పిల్లలు చేసే ప్రతి పనికీ ఎక్కడో ఒక మార్కు ఉంటుంది. బాగా వచ్చిన పనినే నలుగురి ముందూ చేయడానికి అలవాటు పడిపోయారు. ఇంకా రాని పనిని, రోజూ కాసేపు, ఇంట్లోవాళ్ళు వింటుండగా ధైర్యంగా చేసే అవకాశం వాళ్ళకు తక్కువ. రికార్డర్ ఆ అవకాశం ఇస్తుంది. కీచుమన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ముఖం చిట్లిస్తే "నాకు రాదు" అని తేల్చేసుకుంటారు. "ఏదీ, వేళ్ళు చూద్దాం" అంటే, తప్పు వెతికి సరిచేసుకునేదని తెలుసుకుంటారు. ఈ అలవాటు లెక్కల పుస్తకం ముందు కూర్చున్నప్పుడూ పనికొస్తుంది.

కాబట్టి "పక్క సెక్షన్‌లో వాళ్ళు అప్పుడే పాట వాయిస్తున్నారట" అనవద్దు. చుట్టాలు వచ్చినప్పుడు బలవంతంగా వాయించమనవద్దు. అడగకుండా వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టవద్దు. "సూపర్!" అనడం కన్నా "నిన్న జి రాలేదు, ఇవాళ మూడుసార్లు వచ్చింది" అనడం మేలు. మీరు నిజంగా విన్నారని వాళ్ళకు తెలుస్తుంది. ఇంకో మంచి ఉపాయం: "నాకూ నేర్పు" అనండి. మీరు ఊదితే కీచుమంటుంది, వాళ్ళు నవ్వుతారు, మీ వేళ్ళు సరిచేస్తారు. నేర్పేటప్పుడు వాళ్ళకే ఇంకా బాగా అర్థమవుతుంది.

కొనేటప్పుడు, కడిగేటప్పుడు

మంచి ప్లాస్టిక్ రికార్డర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. జర్మన్, బరోక్ అని రెండు రకాలున్నాయి. ముందువైపు పై నుంచి నాలుగో రంధ్రం కన్నా ఐదోది చిన్నదైతే జర్మన్, పెద్దదైతే బరోక్. ఉదాహరణకు యమహాలో వైఆర్‌ఎస్-23 జర్మన్, వైఆర్‌ఎస్-24బి బరోక్. జర్మన్‌లో ఎఫ్ తేలిక, కానీ ముందుకెళ్ళాక కొన్ని స్వరాలు శ్రుతి తప్పుతాయి. క్లాసు మొత్తం ఒకే రకం వాడాలి కాబట్టి కొనేముందు మ్యూజిక్ టీచర్‌ను అడగండి.

అన్నదమ్ములైనా, అక్కచెల్లెళ్ళైనా ఎవరిది వారికే ఉండాలి. వారానికోసారి ముక్కలను మెల్లగా తిప్పుతూ విడదీసి, గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి కడిగి, నీడలో ఆరబెట్టండి. మరిగే నీళ్ళు వద్దు. ఎండలో నిలిపిన కారులో వదలవద్దు. గాలిదారిలో పిన్నీసు పెట్టవద్దు, లోపలి అంచు గీసుకుపోతే శబ్దం పోతుంది. ఇది ప్లాస్టిక్ వాటికే, చెక్క రికార్డర్‌ను నీళ్ళలో ముంచకూడదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. అద్దం మీద ఆవిరి పట్టేలా ఊదే ఆట, రోజూ ఒక నిమిషం.
2. వాయించాక వేళ్ళ మీది గుండ్రని అచ్చులను ఇద్దరూ కలిసి చూడటం.
3. శనివారం సాయంత్రం మీకు ఒక పాఠం, టీచర్ మీ అబ్బాయి లేదా అమ్మాయి.