ఛాతీ చర్మంతో కొత్త చెంప

సైనిక్‌పురి సైనికుల కాలనీ కనుక ఒక నావికుడి సంగతితో మొదలుపెడతాను. 1916లో జట్లండ్ యుద్ధంలో విల్లీ వికరేజ్ అనే ఆయన ముఖం ఘోరంగా కాలింది. 1917లో హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ ఆయన ఛాతీ చర్మాన్ని లేపి, పూర్తిగా తెంపకుండానే ముఖానికి కప్పాడు. కలిపి ఉంచిన పట్టీల అంచులు లోపలికి ముడుచుకుంటుంటే గొట్టంలా కుట్టేశాడు. పెనిసిలిన్ లేని ఆ రోజుల్లో చీము పట్టకుండా అది ఎంతో కాపాడింది.

తెంపకుండా ఎందుకు అంటారా? తొడమీది పల్చని చర్మం తీసి అతికిస్తే, అది పుండుమీది నెత్తురుతోనే బతకాలి. లోతైన గాయానికి అది చాలదు. ఫ్లాప్ అలా కాదు. ఆనపతీగను వేరు పెకలించకుండా పక్క పందిరికి పాకించినట్లు, తన రక్తనాళాలతోనే వెళుతుంది.

1965లో అమెరికాలో బకామ్జియన్ అనే డాక్టరు జత్రువు కింది చర్మాన్ని రొమ్ము ఎముక వైపు అతుకు ఉంచి, గొంతు బాగుచేయడానికి వాడారు. సుమారు మూడు వారాలకు కొత్తచోట నెత్తురు కుదురుకున్నాక అతుకు కోస్తారు. 1979లో ఏరియన్ అనే సర్జన్ ఛాతీ కండతో సహా ఒక్కసారే మార్చే పద్ధతి చూపారు. నోటి క్యాన్సరు తీసేశాక చెంప, దవడ పూడ్చడానికి ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇప్పుడు ముంజేతి చర్మం, కాలి ఎముక తెచ్చి సన్నని నాళాలు కుట్టే పద్ధతులూ వచ్చాయి.

మరి ఛాతీ ఏమవుతుంది? మచ్చ మిగులుతుంది. కండతో తీస్తే ఆడవాళ్ళకు రొమ్ము ఆకారం కొంత మారవచ్చు. ఈ సంగతి ఆపరేషనుకు ముందే డాక్టరును మొహమాటం లేకుండా అడగండి. మగవాళ్ళకైతే ఛాతీ వెంట్రుకలు కొత్తచోటా మొలుస్తాయి! ఇంట్లో రోగికి సేవచేసేవారు ఫ్లాప్ మొదలు నలగకుండా, కట్టు బిగియకుండా చూడాలి. పొగ దగ్గరికి రానివ్వకూడదు. పొగాకు నాళాలను కుదిస్తుంది.

అసలు అంతదాకా రానివ్వకపోతే మేలు కదా! వంటింట్లో కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళు ధారగా పోయండి. సిరా, టూత్‌పేస్టు పూయకండి. మెడ కాలినవారికి తలగడ పెట్టకండి. గడ్డం ఛాతీకి అతుక్కుపోయేది ఆ వంపులోనే. గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవారి నోట్లో రెండు వారాలు మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఉన్నా, నోరు సరిగా తెరుచుకోకపోయినా వెంటనే చూపించండి. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి 1955 నుంచీ ఉంది. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మొదట్లో అది నొప్పి పుట్టదు.