పొగ తాగనివారికీ పొగ జబ్బు

"సిగరెట్టు ముట్టలేదు డాక్టరమ్మగారూ. చుట్ట ఎరగను. మా నాయన కూడా కాల్చేవాడు కాదు. మరి ఈ ఆయాసం నాకెందుకు వచ్చింది?"

ఓ.పి.లో ఇలా అడిగినాయనకు 51 ఏళ్లు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 24 ఏళ్లుగా పంక్చర్ల షాపు నడుపుతున్నారు. చెన్నై–కోల్‌కతా రహదారీ, హైదరాబాదు–మచిలీపట్నం రహదారీ కలిసేచోటు అది. లారీ గొట్టం ఎంత ఎత్తున ఉంటుందో, కింద కూర్చొని టైరు విప్పేవారి ముఖమూ అంతే ఎత్తున ఉంటుంది. రెండేళ్లుగా మెట్లెక్కితే ఆగవలసి వస్తోందట. ఆయనను ఎక్కువగా బాధించింది మాత్రం వేరే సంగతి. ఆదివారం ఆరాధనలో పాట చరణం పూర్తికాకుండానే ఊపిరి అయిపోతోంది. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయిస్తే శ్వాసనాళాలు సన్నబడినట్లు తేలింది. ఆయన అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను.

దుమ్ము అనగానే మనకు కంటికి కనిపించే దుమ్మే గుర్తొస్తుంది. దానిలో చాలా భాగాన్ని ముక్కు, గొంతు పట్టి ఆపుతాయి. అసలు చిక్కంతా కనిపించని దానితోనే. డీజిలు పొగలో, చెత్త తగలబెట్టిన పొగలో, బొగ్గు పొగలో 2.5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందంలో ఇవి ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఇవి ఊపిరితిత్తుల చివరనున్న గాలి బుడగల దాకా వెళ్తాయి. మరీ సన్ననివి అక్కడినుండి రక్తంలోకి కూడా దిగుతాయి.

అందుకే ఈ జబ్బు ఛాతీ డాక్టరు దగ్గరే ఆగదు. రేణువుల వలన రక్తనాళాల లోపలి పొర వాస్తుంది, కొవ్వు పేరుకోవడం త్వరపడుతుంది, రక్తం సులువుగా గడ్డకడుతుంది, బి.పి. పెరుగుతుంది. బయటి గాలి కాలుష్యం వలన 2019లో సంభవించిన అకాల మరణాలలో సుమారు 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వలననే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఊపిరితిత్తుల క్యాన్సరు వాటా 4 శాతం. క్యాన్సరు అంటే భయపడి ఎక్స్‌రే తీయించమని అడిగేవారు ఓ.పి.కి రోజూ వస్తారు. "రోడ్డు పక్కన పని చేస్తున్నాను, నా బి.పి. చూడండి" అని అడిగినవారు నాకైతే ఇంతవరకు ఎదురుపడలేదు.

ఇదంతా ఒక్కరోజులో జరిగేది కాదు. అమెరికాలో ఆరు ఊళ్లలో సుమారు 8,000 మందిని 14 నుండి 16 ఏళ్లపాటు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. సిగరెట్టు అలవాటును లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, ఎక్కువ కాలుష్యం ఉన్న ఊరిలో మరణాల రేటు శుభ్రమైన ఊరికంటే 26 శాతం ఎక్కువగా ఉంది. ఆ ఊళ్ల గాలి మన నగరాల గాలికంటే మరీ చెడ్డదేమీ కాదు. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఈ సన్నని రేణువులు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు పరిమితి 40.

గాలి బాగుపడితే శరీరం ఊరికే ఉండదు. అమెరికాలోనే యూటా అనే రాష్ట్రంలో ఒక ఉక్కు కర్మాగారం 1986–87లో దాదాపు 13 నెలలు మూతపడింది. అది నడిచిన చలికాలాలలో, మూతపడిన చలికాలంతో పోలిస్తే, ఉబ్బసం, బ్రాంకైటిస్‌తో ఆసుపత్రిలో చేరిన పిల్లలు రెండు మూడు రెట్లు ఎక్కువ. దక్షిణ కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి గాలి శుభ్రపడుతూ వచ్చాక, ఊపిరితిత్తులు సరిగా ఎదగని 15 ఏళ్ల పిల్లలు 7.9 శాతం నుండి 3.6 శాతానికి తగ్గినట్లు 2015లో తేల్చారు.

లారీలను ఆపడం మన చేతిలో లేదు. చేతిలో ఉన్నవి కొన్ని చెప్తాను.

మొదట మన ఇంటి తప్పే ఒప్పుకోవాలి. కోతల పండుగ విందు అయ్యాక ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు చర్చి వెనుక గోడ దగ్గర పోగేసి నిప్పు పెట్టడం నేను కళ్లారా చూశాను. మన ఆసుపత్రి ఆవరణలో రాలిన ఆకులను కూడా మొన్నమొన్నటి వరకు తగలబెట్టేవారు. ఆ పొగ కిటికీలోంచి వచ్చేది పిల్లల వార్డుకే! ఇప్పుడు ఆకులను గోతిలో వేసి ఎరువు చేస్తున్నాం. విందులకు అరిటాకులు వాడితే సంఘానికి ఖర్చూ తగ్గుతుంది.

చలికాలంలో తెల్లవారుజామున హైవే పక్కన నడిచేవారు ఎండ వచ్చేదాకా ఆగండి, లేదా లోపలి వీధులలో నడవండి. ఆ వేళ చల్లని గాలి నేలనంటి ఉంటుంది. పైనున్న వెచ్చని గాలి మూత వేసినట్లు పొగను కిందనే ఉంచుతుంది. జేబురుమాలు ముక్కుకు కట్టుకుంటే ముతక దుమ్మును మాత్రమే ఆపుతుంది. సన్నని రేణువులకు ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్-95 మాస్కు కావాలి. ఇప్పటికే ఆయాసం ఉన్నవారు డాక్టరును అడిగి వాడండి.

రోడ్డు మీద పని చేసేవారు ఏడాదికొకసారి బి.పి., షుగరు చూపించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు మందుల షాపు సిరప్పుతో సరిపెట్టుకోకండి, అది క్షయ కూడా కావచ్చు. ఛాతీ బరువెక్కి చెమటలు పట్టినా, మూతి వంకరపోయి మాట తడబడినా గ్యాసు అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇన్‌హేలరు ఇస్తే "అలవాటైపోతుందేమో" అని దాచిపెట్టేవారు చాలామంది. పంక్చర్ల షాపు ఆయన కూడా మొదటి నెల దానిని ట్రంకు పెట్టెలోనే ఉంచారట! మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది, మాత్రకంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది అని వివరించాక వాడడం మొదలుపెట్టారు. సన్నబడిన నాళాలు మునుపటిలా కావు. ఆయాసం మాత్రం తగ్గింది. షాపు బల్లను రోడ్డు అంచు నుండి వెనక్కి జరిపించారు.

పోయిన నెల మందులకు వచ్చినప్పుడు తమ్ముడి కొడుకును వెంటపెట్టుకొని వచ్చారు. ఆ కుర్రవాడికి 17 ఏళ్లు, షాపులో పని నేర్చుకుంటున్నాడు. "వీడి చేత కూడా ఊదించండమ్మా" అన్నారు. ఊదించాం. ప్రస్తుతానికి బాగానే ఉంది. వచ్చే ఏడాది మళ్లీ రమ్మని చీటీ మీద రాసిచ్చాను.